ఫియోనా షా యాక్టింగ్ చూడాలంటే ఎక్కడ మొదలెట్టాలి: స్టేజీనా, సినిమానా, టీవీనా?

హ్యారీ పోటర్‌లో హ్యారీ వాళ్ళ పెద్దమ్మ పెటూనియా గుర్తుంది కదా, చెల్లెలి కొడుకుని మెట్ల కింద గూట్లో పడుకోబెట్టి సొంత కొడుకుని మాత్రం నెత్తిన పెట్టుకుని పెంచే ఆవిడ, ఆ వేషం వేసింది ఫియోనా షా. మనవాళ్ళలో చాలామందికి ఆవిడ అంతవరకే తెలుసు, ఇంకొందరికి కిల్లింగ్ ఈవ్‌లో కెరొలిన్‌గా తెలుసు, స్టార్ వార్స్ పిచ్చి ఉన్నవాళ్ళకి ఆండోర్‌లో మార్వాగా తెలుసు, ముగ్గురూ ఒకే మనిషని గమనించని వాళ్ళు కూడా ఉంటారు. అసలు ఆవిడకి పేరొచ్చింది మాత్రం వీటిలో దేనివల్లా కాదు, లండన్‌లో డబ్లిన్‌లో నాటకాల వల్ల. కాబట్టి ఆవిడ పని ఏంటో చూద్దాం అనుకునేవాళ్ళకి ఎక్కడ మొదలెట్టాలన్నది నిజంగానే పెద్ద ప్రశ్న, ఎందుకంటే తప్పు చోట మొదలెడితే "ఓహో క్యారెక్టర్ ఆర్టిస్టు, బానే చేసింది" అనుకుని అక్కడితో వదిలేస్తారు. అలా వదిలేయాల్సిన నటి కాదు.

నా మాట ముందే చెప్పేస్తా. టీవీతో మొదలెట్టండి, తర్వాత ఎలాగోలా కష్టపడి ఒక్క స్టేజీ రికార్డింగ్ అయినా పట్టుకోండి, సినిమాలు చివరికి ఉంచండి. మామూలుగా ఏ నటి గురించి అడిగినా ముందు సినిమాలే చెప్తాం, రెండు గంటల్లో అయిపోతాయి, ఈజీగా దొరుకుతాయి, కానీ ఈవిడ విషయంలో ఆ లెక్క పనిచేయదు, ఎందుకో కిందకి వెళ్ళేకొద్దీ మీకే తెలుస్తుంది.

ముందు ఆవిడ ఎక్కణ్ణించి వచ్చిందో కొంచెం. 1958లో ఐర్లండ్‌లో కార్క్ కౌంటీలో పుట్టింది, నాన్న కళ్ళ డాక్టరు. కార్క్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలాసఫీ చదివి, ఆ తర్వాతే లండన్ వెళ్ళి రాడా అనే యాక్టింగ్ స్కూల్లో చేరింది. 1983లో నేషనల్ థియేటర్‌లో చిన్న వయసులోనే మంచి రోల్ దొరికింది, అక్కణ్ణించి రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ, అక్కడ వరసగా షేక్‌స్పియర్ నాటకాలు. 1988లో ఎలక్ట్రా అనే పాత గ్రీకు నాటకం చేసింది, దాని డైరెక్టర్ డెబొరా వార్నర్, వీళ్ళిద్దరి జోడీ అప్పుడు మొదలై ఇరవై ఏళ్ళకి పైగా నడిచింది. 1990లో ఎలక్ట్రాతో పాటు ఇంకో రెండు నాటకాలకి కలిపి ఒలివియే అవార్డు (లండన్ నాటకాలకి అదే పెద్ద అవార్డు), మళ్ళీ 1994లో మెషినల్ అనే నాటకానికి ఇంకోటి. అంటే పెటూనియాగా మన ముందుకు వచ్చేసరికే స్టేజీ మీద ఆవిడ ఎక్కాల్సిన మెట్లన్నీ ఎక్కేసింది.

ఇప్పుడు పోల్చడానికి ఒక కొలత కావాలి కదా, నా కొలత ఇది. ఆవిడ బలం రెండు చోట్ల ఉంది, ఒకటి గొంతు, రెండోది ఆలోచన. డైలాగ్ చెప్పేముందు ఆ మాట ఆవిడ బుర్రలో పుట్టడం మనకి కనిపిస్తుంది, బట్టీ పట్టిన మాటలా ఉండదు, అప్పుడే తోచినట్టు ఉంటుంది, ఒక్కోసారి వాక్యం మధ్యలో మనసు మార్చుకుందేమో అనిపిస్తుంది కూడా. ఇలాంటి నటికి మాటలు కావాలి, టైం కావాలి. ఏ మీడియం ఆవిడకి ఈ రెండూ ఇచ్చిందో అక్కడ ఆవిడ పెద్దగా కనిపిస్తుంది, ఇవ్వని చోట ఉందో లేదో అన్నట్టు వెళ్ళిపోతుంది. ఈ లెక్కలో చూస్తే స్టేజీ మొత్తం ఇచ్చింది, టీవీ లేటుగా అయినా బాగానే ఇచ్చింది, సినిమా మాత్రం పిసినారితనం చూపించింది.

సినిమా సంగతి ముందు తేల్చేద్దాం. మొదటి పెద్ద సినిమా 1989లో మై లెఫ్ట్ ఫుట్, జిమ్ షెరిడన్ డైరెక్షన్, ఒళ్ళంతా చచ్చుబడి ఎడమకాలితోనే బొమ్మలు వేసిన, రాసిన క్రిస్టీ బ్రౌన్ కథ, డేనియల్ డే లూయిస్ హీరో. ఆయనకీ, తల్లి వేషం వేసిన బ్రెండా ఫ్రికర్‌కీ ఆస్కార్లు వచ్చాయి, యాక్టింగ్‌కి ఆస్కార్ కొట్టిన మొదటి ఐరిష్ నటి ఫ్రికరే. ఈ గొడవలో షా చేసిన డాక్టర్ ఐలీన్ పాత్ర గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, కానీ ఆ రెస్టారెంట్ సీను ఒకసారి ఆవిడ మొహం మీదే కళ్ళు పెట్టి చూడండి. బొమ్మల ఎగ్జిబిషన్ అయ్యాక అందరూ టేబుల్ చుట్టూ కూర్చుని తింటుంటారు, తాగుతుంటారు, క్రిస్టీ తన ప్రేమ సంగతి అందరి ముందూ చెప్పేస్తాడు, ఆవిడకేమో ఇంకొకరితో పెళ్ళి కుదిరి ఉంది, అది అక్కడే చెప్పాలి. మనందరి చూపూ ఆయన మీదే ఉంటుంది, టేబుల్ మీద తల బాదుకోవడం, పళ్ళతో టేబుల్ క్లాత్ లాగెయ్యడం అన్నీ ఆయనవే కదా, కానీ ఆ సీను బరువు మోసేది అవతల కూర్చున్న ఈవిడ, జాలి పడితే అవమానం, పడకపోతే క్రూరత్వం, ఆ రెండింటి మధ్య ఇరుక్కున్న మనిషి. ఆవిడ సినిమాల్లో ఒక్కటే చూస్తానంటే ఇదే చూడండి.

రెండోది చూస్తానంటే 1995లో వచ్చిన పర్సువేషన్, జేన్ ఆస్టిన్ నవల సినిమా. అందులో అడ్మిరల్ క్రాఫ్ట్ భార్య. చిన్న రోలే, మొగుడితో పాటు ఓడలెక్కి అట్లాంటిక్ దాటుకుంటూ ఈస్ట్ ఇండీస్ దాకా తిరిగొచ్చిన ఆడమనిషి, ఓడలు ఆడవాళ్ళకి పనికిరావని సొంత తమ్ముడు అంటే అందరి ముందూ వాడి నోరు మూయిస్తుంది. ఎండకీ గాలికీ అలవాటు పడ్డ మనిషి డ్రాయింగ్ రూంలో ఎలా కూర్చుంటుందో అలాగే కూర్చుంటుంది, అది నేర్పిస్తే వచ్చేది కాదు. 1997లో నీల్ జోర్డన్ తీసిన ద బుచర్ బాయ్ కూడా ఉంది, ఐర్లండ్ పల్లెటూరి వాతావరణం, పక్కింటి మిసెస్ న్యూజెంట్‌గా షా, సినిమా చాలా గట్టి సినిమా కానీ మనసు బాగున్న రోజున చూడండి, చీకటిగా ఉంటుంది.

మిగతావన్నీ? సూపర్ మారియో బ్రదర్స్ లాంటివి వదిలేయండి. టెర్రెన్స్ మాలిక్ తీసిన ట్రీ ఆఫ్ లైఫ్‌కి 2011లో కేన్స్‌లో పామ్ డోర్ వచ్చింది, (ఆ ఫిల్మ్ ఫెస్టివల్ పెద్ద అవార్డు అదే) గొప్ప సినిమానే, అందులో ఈవిడ బామ్మ, కానీ కనిపించేది ఎంతసేపు, చూసి "ఆవిడేనా" అనుకునేలోపు అయిపోతుంది. కొలెట్‌లో తల్లి, ఇనోలా హోమ్స్‌లో స్కూల్ నడిపే మిస్ హారిసన్, అన్నీ అంతే, పది నిమిషాల పాత్రలు, పది నిమిషాలూ బాగుంటాయి, అక్కడితో ఆగిపోతాయి.

హ్యారీ పోటర్ సంగతి వేరేగా చెప్పాలి ఎందుకంటే మనకి అదే తలుపు. ఎనిమిది సినిమాల్లో ఐదింట్లోనే ఉంది ఆవిడ. వాటిలో కామెడీ కోసమే వాడుకున్నారు, అదీ చక్కగా చేసింది, కానీ చివర్లో 2010లో వచ్చిన డెత్లీ హ్యాలోస్ మొదటి భాగంలో ఒక సీను తీసి ఎడిటింగ్‌లో కోసేశారు. పెటూనియా వాళ్ళ (డర్స్‌లీల) ఇంటి సామానంతా సర్దేసి ఖాళీ అయిపోయిన హాల్లో పెటూనియా ఒక్కతే నిలబడి ఉంటుంది, హ్యారీ వస్తాడు, తన తల్లిదండ్రుల్ని చంపిన మంత్రగాళ్ళు ఎలాంటివాళ్ళో మీకు తెలీదు అన్నట్టు మాట్లాడతాడు, దానికి ఆవిడ, ఆ రాత్రి నువ్వొక్కడివే తల్లిని పోగొట్టుకోలేదు, నేను చెల్లెల్ని పోగొట్టుకున్నాను అని చెప్పి వెళ్ళిపోతుంది. పదేళ్ళ నుంచి చూస్తున్న పెటూనియా మొత్తం ఆ ఒక్క ముక్కతో తారుమారైపోతుంది. యూట్యూబ్‌లో డిలీటెడ్ సీన్స్‌లో దొరుకుతుంది, రెండు నిమిషాలు కూడా ఉండదు, ఇప్పుడే చూసేయండి. సినిమా వాళ్ళు ఈవిడని ఎలా వాడారో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు, ఉన్నవాటిలో మంచి సీనే కత్తిరించేశారు.

ఇక టీవీ. ఇక్కడ మూడు చెప్తా, మూడూ మూడు రకాల మనుషులకి.

కిల్లింగ్ ఈవ్ 2018లో మొదలైంది, నాలుగు సీజన్లు, సీజన్‌కి ఎనిమిది ఎపిసోడ్లు. ఎంఐ6లో (బ్రిటన్ గూఢచారి సంస్థ) రష్యా వ్యవహారాలు చూసే పెద్దాఫీసర్ కెరొలిన్ మార్టెన్స్ ఈవిడ. కథంతా ఈవ్‌కీ ఆ హంతకురాలు విలనెల్‌కీ మధ్య, కెరొలిన్ పక్కన ఉండాల్సిన పాత్ర, కానీ ఆవిడ ఉన్న ప్రతి సీను ఆవిడ వైపుకి ఒరిగిపోతుంది. మొదట్లోనే ఒక చోట, పని గురించి సీరియస్‌గా మాట్లాడుతూ మాట్లాడుతూ, ఇక్కడే ఒకసారి ఒక ఎలుక రెండు చేతులతో కోక్ డబ్బా పట్టుకుని తాగడం చూశాను అంటుంది, అద్భుతం అంటుంది, మళ్ళీ పనిలో పడిపోతుంది. అది జోకు అన్నట్టు చెప్పదు, నిజంగా ఆశ్చర్యపోయిన మనిషిలా చెప్తుంది, అందుకే ఆ షో చూసిన వాళ్ళెవరినైనా అడగండి ముందు ఆ ఎలుక గురించే చెప్తారు. ఈ పాత్రకి 2019లో బ్రిటన్ వాళ్ళ బాఫ్టా టీవీ అవార్డు వచ్చింది, సపోర్టింగ్ యాక్ట్రెస్‌గా. మొదటి రెండు సీజన్లు కళ్ళు మూసుకుని చూడొచ్చు, మూడో సీజన్ కథగా కొంచెం జారినా కెరొలిన్ కోసం చూడాలి, ఇంట్లో ఒక చావు జరుగుతుంది, కూతురేమో కలిసి ఏడుద్దాం అంటుంది, ఈవిడ ఏడవదు, ఏడవకుండా ఎలా ఉంటుందో అది చూడాలి. నాలుగోది మీ ఇష్టం, ముగింపు చూసి తిట్టుకున్నవాళ్ళే ఎక్కువ.

టైం అస్సలు లేదు అనేవాళ్ళకి ఫ్లీబ్యాగ్, రెండో సిరీస్ రెండో ఎపిసోడ్. అరగంట కూడా ఉండదు, అందులో ఈవిడది ఒక్క సీను, కౌన్సెలర్ పాత్ర. వాళ్ళ నాన్న ఇచ్చిన కౌన్సెలింగ్ వోచర్ పట్టుకుని హీరోయిన్ వస్తుంది, ఎదురెదురు కుర్చీల్లో ఇద్దరు ఆడవాళ్ళు, అంతే, పరిగెత్తే కెమెరా లేదు, మ్యూజిక్ హడావుడి లేదు. నన్నేం చేయమంటారో మీరే చెప్పండి అన్నట్టు ఆ అమ్మాయి అడిగితే, ఏం చేస్తావో నీకు ముందే తెలుసు అన్నట్టు తేల్చేస్తుంది ఈవిడ. ఈ ఒక్క సీనుకి గెస్ట్ యాక్ట్రెస్‌గా ఎమ్మీ (అమెరికాలో టీవీకిచ్చే పెద్ద అవార్డు) నామినేషన్ వచ్చింది, అదే ఏడు కిల్లింగ్ ఈవ్‌కి కూడా. రెండు షోలూ మొదట తయారుచేసింది ఫీబీ వాలర్ బ్రిడ్జే, ఆ అమ్మాయి రాసే డైలాగులకీ ఈవిడ గొంతుకీ బాగా కుదిరింది, అరవై దాటిన నటికి ఇలాంటి రాత దొరకడం మామూలు విషయం కాదు.

మూడోది ఆండోర్, నా ఓటు దీనికే. 2022, మొదటి సీజన్ పన్నెండు ఎపిసోడ్లు, జియోహాట్‌స్టార్‌లో ఉంటుంది. స్టార్ వార్స్ ఒక్కటి కూడా చూడకపోయినా పర్లేదు, ఇది మంత్రశక్తుల కథ కాదు, ఒక ఊరివాళ్ళ మీద ఒక ప్రభుత్వం కూర్చుంటే ఆ ఊరు ఏమవుతుంది అన్న కథ. మార్వా ఒక ముసలావిడ, ఒంట్లో బాలేదు, పెంచిన కొడుకు కాసియన్. ఏడో ఎపిసోడ్‌లో వాడు డబ్బు తీసుకొచ్చి ఇక్కణ్ణించి వెళ్ళిపోదాం రా అంటాడు, ఆవిడ రానంటుంది, ఇన్నాళ్ళూ తలొంచుకుని బతికాం ఇక చాలు అన్న పట్టుదల. నీ గురించి నాకు ఎప్పుడూ బెంగగానే ఉంటుంది అంటాడు వాడు. అది ప్రేమేరా, దానికి నువ్వు చేయగలిగిందేం లేదు అన్నట్టు చెప్తుంది ఆవిడ. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు కాస్త కూడా వణకదు. మన సినిమాల్లో అయితే అక్కడ వయొలిన్ మొదలయ్యేది, ఇక్కడ ఆవిడ నిమ్మళంగా చెప్తుంది, కళ్ళనీళ్ళు మన వంతు.

పన్నెండో ఎపిసోడ్‌లో ఏం జరుగుతుందో పూర్తిగా చెప్పను, చూడనివాళ్ళకి అన్యాయం అవుతుంది, ఒక్క ముక్క మాత్రం చెప్తా, అక్కడ ఆవిడకి ఒక పెద్ద ప్రసంగం ఉంది, వీధిలో ఊరంతా నిలబడి వింటారు, నిమిషాల తరబడి ఒక్క గొంతే. టీవీలో ఎవరైనా ఇంతసేపు మాట్లాడితే రిమోట్ మీదకి చెయ్యి పోతుంది, ఇక్కడ ఊపిరి కూడా గట్టిగా తీసుకోబుద్ధి కాదు. అది నాటకాల్లో నలభై ఏళ్ళు నలిగిన గొంతు, వేల మంది కూర్చునే చోట చివరి వరసకి కూడా మాట చేర్చడం నేర్చుకున్న గొంతు, దాన్ని తెచ్చి సైన్స్ ఫిక్షన్‌లో పెట్టారు.

ఇవి కాక బాగున్నవి ఇంకా ఉన్నాయి, బాటిస్ట్ రెండో సీజన్‌లో హంగరీలో బ్రిటిష్ అంబాసిడర్‌గా దాదాపు హీరోయిన్ పాత్రే, 2024లో ట్రూ డిటెక్టివ్ నైట్ కంట్రీలో అలాస్కా మంచులో ఒంటరిగా బతికే రోజ్, అదే ఏడు బ్యాడ్ సిస్టర్స్ రెండో సీజన్. బ్యాడ్ సిస్టర్స్ అయితే మొదటి సీజన్ చూశాకే వెళ్ళండి, లేకపోతే ఎవరు ఎవరో తెలీదు.

స్టేజీ దగ్గరికి వద్దాం. ఇక్కడే చిక్కు, ఎందుకంటే గొప్పవన్నీ ఇక్కడే ఉన్నాయి, దొరికేవి మాత్రం చాలా తక్కువ. నాటకం అంటేనే ఆ రాత్రికి అక్కడున్నవాళ్ళది.

దొరికేవాటిలో మొదటిది రిచర్డ్ ది సెకండ్. 1995లో నేషనల్ థియేటర్‌లో డెబొరా వార్నర్ డైరెక్షన్‌లో షేక్‌స్పియర్ రాజు వేషం ఈవిడ వేసింది, ఆడమనిషి రాజు వేషం ఏంటని అప్పట్లో లండన్‌లో గొడవ కూడా అయింది. మనకి ఇది మరీ వింత కాదు, స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషంలో వస్తే ఆడవాళ్ళే తేరిపార చూసేవాళ్ళని పెద్దవాళ్ళు చెప్పగా విన్న జాతి మనది, ఇది దానికి తిరగేసిన వరస. ఆవిడ మగవాడిలా నటించడానికి ప్రయత్నించదు, అదే అందులో గొప్ప. చిన్నప్పట్నుంచీ కిరీటం తప్ప ఇంకేమీ తెలియని ఒక పిల్లాడు ఆ కిరీటం వదులుకోవాల్సి వస్తే ఎలా ఉంటాడు, మంకుపట్టు, ఏడుపు, మధ్యలో ఆటలు, కిరీటాన్ని ఒక వైపు తను పట్టుకుని ఇంకో వైపు పట్టుకోమని లాక్కునేవాడితోనే అనే ఆ సీను ఉంటుంది చూడండి, అక్కడ రాజు, పిల్లాడు, మతి చెదిరిన మనిషి ముగ్గురూ ఒకే మొహంలో కనిపిస్తారు. దీన్ని బీబీసీ వాళ్ళు టీవీ కోసం తీసి 1997లో వేశారు. ఓటీటీల్లో ఈజీగా కనపడదు, డీవీడీలోనో, ఇంగ్లీష్ డిపార్ట్‌మెంట్ ఉన్న యూనివర్సిటీ లైబ్రరీలోనో వెతకాలి, వెతికినంత విలువా ఉంది. నార్వే రచయిత ఇబ్సెన్ నాటకం హెడ్డా గాబ్లర్ కూడా ఇలాగే టీవీకి తీశారు, 1993లో, ఈవిడా వార్నరూ కలిసి డబ్లిన్‌లో చేసిన నాటకమే.

దొరకనివాటిలో రెండింటి గురించి చెప్పకుండా ఉండలేను. మీడియా (Medea), అంటే మొగుడు వదిలేస్తే సొంత పిల్లల్నే చంపుకునే తల్లి, గ్రీకు నాటకం. 2000లో డబ్లిన్‌లో అబ్బే థియేటర్‌లో మొదలై, లండన్ మీదుగా 2002 డిసెంబర్‌లో న్యూయార్క్ బ్రాడ్‌వే చేరింది, టోనీ (అక్కడి నాటకాలకి పెద్ద అవార్డు) నామినేషన్ వచ్చింది. ఒక్కసారి తేదీలు చూడండి, దానికి సరిగ్గా ముందు నెలలోనే హ్యారీ పోటర్ రెండో సినిమా రిలీజైంది. ప్రపంచమంతా థియేటర్లలో కొడుకుని గారాబం చేసే పెటూనియాని చూసి నవ్వుతుంటే, న్యూయార్క్‌లో అదే మనిషి రోజూ రాత్రి కొడుకుల్ని చంపి రక్తపు చేతులతో నిలబడేది. రెండోది హ్యాపీ డేస్, బెకెట్ నాటకం, 2007 నేషనల్ థియేటర్. మొదటి సగం విన్నీ అనే ఆవిడ నడుము దాకా మట్టిదిబ్బలో కూరుకుపోయి ఉంటుంది, రెండో సగంలో మెడ దాకా. అంటే చేతులు కూడా ఉండవు, తల, కళ్ళు, గొంతు, అంతే మిగిలేది, దాంతోనే జనాన్ని కూర్చోబెట్టాలి. ఆండోర్ ఆ పన్నెండో ఎపిసోడ్ చూసినప్పుడు నాకు ఈ నాటకమే మనసులో మెదిలింది, ఒళ్ళు పక్కన పెట్టేసి గొంతుతో మాత్రమే ఒక వీధిని నిలబెట్టడం ఆవిడకి అప్పటికే తెలిసిన పని.

అబ్బే థియేటర్ అన్నాను కదా, 1904లో ఐరిష్ రచయితలు యేట్స్, లేడీ గ్రెగరీ వాళ్ళు పెట్టింది, మన ఠాగూర్ పోస్ట్ ఆఫీస్ నాటకాన్ని 1913లో వేసింది కూడా అక్కడే. మనకి ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. మదనపల్లె కాలేజీలో పనిచేసిన జేమ్స్ కజిన్స్, 1919లో ఠాగూర్ అక్కడికొచ్చి జనగణమనని ఇంగ్లీషులో రాసినప్పుడు ఆతిథ్యం ఇచ్చినాయన, ఆయన ఐర్లండ్ మనిషే, ఇండియా రాకముందు డబ్లిన్‌లో నాటకాలు రాశాడు, అబ్బే పుట్టక ముందు దానికి దారి వేసిన ట్రూప్ 1902లో ఆయన నాటకాలు వేసింది. జనగణమన ట్యూన్‌కి నొటేషన్ రాసిన మార్గరెట్ కజిన్స్ ఆయన భార్య. ఆ స్టేజీ మనకి మరీ పరాయిది కాదని చెప్పడానికే ఇదంతా.

హ్యారీ పోటర్ ఫ్యాన్స్‌కి ఇంకో ముక్క, 2010లో అదే అబ్బేలో ఇబ్సెన్ నాటకం జాన్ గాబ్రియల్ బోర్క్‌మన్ వేశారు, బోర్క్‌మన్‌గా అలన్ రిక్‌మన్, భార్యగా ఫియోనా షా. అంటే స్నేప్, పెటూనియా మొగుడూ పెళ్ళాలుగా. హ్యారీ తల్లి లిల్లీని ప్రేమించినవాడు, లిల్లీ అక్క, సినిమాల్లో వీళ్ళిద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టిన సీనే మనకి లేదు, స్టేజీ మీద మాత్రం రోజూ రాత్రి.

సరే, ఎవరికి ఏది. ఒక్క సాయంత్రమే ఉంది అంటే ఫ్లీబ్యాగ్ ఆ ఎపిసోడ్, తర్వాత పోటర్ డిలీటెడ్ సీను, ఓపికుంటే మై లెఫ్ట్ ఫుట్, ఈ మూడింట్లో ఆవిడ ఏంటో రుచి తెలుస్తుంది. నెల రోజులు మెల్లగా చూస్తానంటే ఆండోర్ మొదటి సీజన్, మొదటి మూడు ఎపిసోడ్లు నెమ్మదిగా నడుస్తాయి, అక్కడ వదిలేయకండి, చాలామంది అక్కడే వదిలేస్తారు, ఏకంగా పన్నెండో ఎపిసోడ్‌కి దూకినా లాభం లేదు, ఆ ఊరి మనుషులు తెలిస్తేనే ఆ ప్రసంగం తగులుతుంది. స్పై కథలు, కొంచెం నల్లహాస్యం ఇష్టమైతే కిల్లింగ్ ఈవ్. నాటకాలు వేసేవాళ్ళు, యాక్టింగ్ నేర్చుకునేవాళ్ళు, షార్ట్ ఫిలిమ్స్ తీసే కుర్రాళ్ళు మాత్రం ఏ షార్ట్‌కట్టూ వెతక్కుండా రిచర్డ్ ది సెకండ్ పట్టుకోండి, షేక్‌స్పియర్ ఇంగ్లీష్ కష్టంగా ఉంటుంది నిజమే, ముందు కథ తెలుగులోనో తేలిక ఇంగ్లీషులోనో చదువుకుని కూర్చోండి, పావుగంట తర్వాత భాష అడ్డం రాదు.

లండన్‌లో ఉండే మనవాళ్ళకి ఒక దారి ఉంది, నేషనల్ థియేటర్ వాళ్ళ ఆర్కైవ్‌లో ముందుగా బుక్ చేసుకుని వెళ్తే వాళ్ళ పాత నాటకాల రికార్డింగులు అక్కడే కూర్చుని చూడొచ్చు, వెళ్ళేముందు మీకు కావాల్సిన నాటకం వాళ్ళ దగ్గర ఉందో లేదో కనుక్కోండి. డబ్లిన్‌లో ఉన్నవాళ్ళకి అబ్బే ఊరి నడిబొడ్డునే ఉంటుంది, ఈవిడ లేకపోయినా ఆ స్టేజీ మీద ఏది ఆడుతున్నా ఒకసారి వెళ్ళి రండి, ఈ యాక్టింగ్ ఎక్కడ పెరిగిందో అర్థమవుతుంది.

ఏది చూసినా డబ్బింగ్‌లో చూడకండి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. తెలుగు డబ్బింగ్ మీద నాకేం కోపం లేదు, యాక్షన్ సినిమాలకి హాయిగా ఉంటుంది, కానీ ఈవిడ యాక్టింగ్‌లో సగం పైన గొంతే, ఎక్కడ ఆగుతుంది, ఏ మాటని నొక్కుతుంది, ఏ మాటని తేలిగ్గా వదిలేస్తుంది అన్నదాంట్లోనే అంతా ఉంది, ఆ గొంతు తీసేసి ఇంకొకళ్ళ గొంతు పెడితే మీరు చూసేది ఈవిడని కాదు. ఇంగ్లీష్ ఆడియో, కింద సబ్‌టైటిల్స్, కుదిరితే ఇయర్‌ఫోన్స్.

ఇంట్లో అందరితో కలిసి చూసేవాళ్ళు ఇది చూసుకోండి. ఫ్లీబ్యాగ్ అమ్మానాన్నలతో కూర్చుని చూసేది కాదు, ఆ కౌన్సెలింగ్ సీనులో కూడా మాటలు పచ్చిగా ఉంటాయి. కిల్లింగ్ ఈవ్‌లో హత్యలు కళ్ళకి కట్టినట్టు చూపిస్తారు, ట్రూ డిటెక్టివ్ అంతకన్నా భయంకరం, పిల్లలు పడుకున్నాకే. ఆండోర్‌లో కాల్పులు, హింస ఉంటాయి కానీ హైస్కూల్ పిల్లలతో చూడొచ్చు, చూశాక వాళ్ళు అడిగే ప్రశ్నలకి మీ దగ్గర టైం ఉండేలా చూసుకోండి. పర్సువేషన్ మాత్రం ఎవరితోనైనా చూడొచ్చు, బామ్మగారితో సహా.